పేస్‌మేకర్ లీడ్ పేటెంటుకు "తెలిసినవాళ్లెవరైనా చేసేదే" అన్న అభ్యంతరం వచ్చింది, వదిలేయాలా?

హన్మకొండ నుంచి అడిగిన మిత్రుడి ప్రశ్న నాకర్థమైంది ఇది. పేస్‌మేకర్ డబ్బా నుంచి గుండె లోపలికి వెళ్లే సన్నటి తీగ, అంటే లీడ్, కాలర్ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య నలిగి తెగిపోతుంటుంది. అలా తెగకుండా మీరు, మీ గైడ్ కలిసి ఒక డిజైన్ చేశారు. ఆ చోట లీడ్ మీద ఒక స్లీవ్ తొడిగారు. స్లీవ్ అంచు దగ్గర లోపలి కాయిల్ చుట్లను బాగా దగ్గర దగ్గరగా చుట్టారు. చెన్నై పేటెంట్ ఆఫీసు నుంచి ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్ట్, అంటే దరఖాస్తు చూసిన ఎగ్జామినర్ అభ్యంతరాల జాబితా, వచ్చింది. చుట్ల దూరం మార్చిన కాయిల్ డీ1 అనే పాత పత్రంలో ఉంది, స్లీవ్ డీ2 అనే ఇంకో పాత పత్రంలో ఉంది, రెండూ కలపడం ఈ రంగం తెలిసిన మనిషికి తేటతెల్లమే కాబట్టి ఇన్వెంటివ్ స్టెప్, అంటే కొత్తగా కనిపెట్టిన అడుగు, లేదు అన్నారు. తెలిసిన పరికరాలను ఊరికే పక్కపక్కన పేర్చితే పేటెంటు రాదనే పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎఫ్) కూడా పెట్టారు. "విడివిడిగా అన్నీ పాతవే అన్నది నిజమే కదా, ఇక వదిలేయాలా?" అని అడిగారు.

వదిలేయొద్దు. విడిభాగాలు పాతవి కావడం పేటెంటుకు అడ్డం కాదు. మీరు దరఖాస్తు వేసిన నాటికి ఈ రంగంలో పనిచేసే మామూలు ఇంజనీరుకు ఆ రెండింటినీ, అదీ సరిగ్గా మీరు కలిపిన పద్ధతిలో, కలపాలన్న ఆలోచన ఎందుకు వస్తుంది అన్నదే అసలు ప్రశ్న. ఆ "ఎందుకు"కు డీ1లోనో, డీ2లోనో, అందరికీ తెలిసిన పరిజ్ఞానంలోనో జవాబు దొరికితే ఎగ్జామినర్‌దే గెలుపు, దొరక్కపోతే మీది. అయితే మీరు పెట్టిన ముసాయిదా జవాబులో ఈ ముక్క ఎక్కడా లేదు. "మా డిజైన్ వినూత్నం, విశిష్టం, రోగులకు ఎంతో మేలు" అని మూడు పేజీలుంది. అది అలాగే పంపితే ఓడిపోతారు. గెలిపించే సరుకు మీ చేతిలోనే ఉండి కూడా ఓడిపోతారేమోనన్న బాధతోనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను వరంగల్‌వాణ్నే. ఆరేళ్లు కాథెటర్లు, గైడ్‌వైర్లు తయారుచేసేచోట డిజైన్‌లో పనిచేశాను. తర్వాత పరీక్ష రాసి పేటెంట్ ఏజెంటునై పదిహేనేళ్లయింది. ఎక్కువగా వైద్య పరికరాల ఫైళ్లే చూస్తాను. మీ దరఖాస్తు మొత్తం నేను చదవలేదు. మీరు పెట్టిన క్లెయిమ్ 1 (దేనిమీద హక్కు కోరుతున్నారో చెప్పే మొదటి వాక్యం), మూడో బొమ్మ, దాని కింది వివరణ, టెస్ట్ పట్టిక, డీ1 డీ2ల సారాంశం చూసి చెప్తున్నాను.

ముందు తేదీలు చూడండి. పది నిమిషాల పని, కానీ చాలామంది చెయ్యరు. డీ1, డీ2 రెండూ మీ ప్రయారిటీ తేదీకి, అంటే మొదటిసారి దాఖలు చేసిన తేదీకి, ముందే ప్రచురితమయ్యాయా? మీకంటే ముందు దాఖలై మీ తర్వాత ప్రచురితమైన మన దేశపు దరఖాస్తును "ముందే ఒకరు క్లెయిమ్ చేశారు" అన్న వేరే అభ్యంతరానికి వాడొచ్చు. ఇంకో పత్రంతో జతకట్టి తేటతెల్లం అనడానికి వాడకూడదు. నిజామాబాద్ క్లయింటు ఒకరి ఫైల్లో డీ2 ప్రచురణ తేదీ మా దాఖలు తేదీకి పదకొండు రోజుల తర్వాతిదని తేలింది. అప్పటికే వాళ్లు నెలరోజులు కూర్చుని డీ2 మీద పన్నెండు పేజీల వాదన రాసుకున్నారు. ఒక్క పేరాతో అభ్యంతరం పోయింది.

తేదీలు సరిగ్గానే ఉన్నాయనుకుని ముందుకు పోదాం.

సెక్షన్ 2(1)(జేఏ) ఏమంటుందో మీరు సగమే రాశారు. ఇప్పటికే తెలిసినదానితో పోలిస్తే సాంకేతికంగా ముందడుగు ఉండాలి, లేదా ఆర్థిక ప్రాముఖ్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి అన్నంతవరకు సరే. అక్కడితో ఆ వాక్యం అయిపోలేదు. ఆ లక్షణం వల్ల ఆవిష్కరణ, రంగం తెలిసిన మనిషికి తేటతెల్లం కానిదై ఉండాలి అని కూడా ఉంది. అందుకే "మా లీడ్ చవగ్గా తయారవుతుంది, ఆర్థిక ప్రాముఖ్యం ఉంది, సరిపోతుంది" అన్న మీ నాలుగో పాయింటు నిలబడదు. చవక అన్నది తోడుగా పనికొస్తుంది, దాని మీదే ఇల్లు కట్టలేం.

"రంగం తెలిసిన మనిషి" అంటే చట్టం ఊహించుకున్న ఒక మనిషి. ఆయన మీ గైడూ కాదు, ఎగ్జామినరూ కాదు. ఈ రంగంలో ప్రచురితమైనదంతా ఆయనకు అందుబాటులో ఉంటుంది, చేతిపని వచ్చు, మామూలు సర్దుబాట్లు తనే చేసుకుంటాడు, కొత్తది కనిపెట్టే గుణం మాత్రం ఉండదు. ఆ మామూలు సర్దుబాటుకూ ఆవిష్కరణకూ మధ్య గీత ఎక్కడుందో చెప్పేటప్పుడు మన ఆఫీసులన్నీ ఇప్పటికీ ఎత్తే తీర్పు 1978లో సుప్రీంకోర్టు బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం కేసులో ఇచ్చింది. అది మిర్జాపూర్‌లో ఇత్తడి, జర్మన్ సిల్వర్ పాత్రలు చేసేవాళ్ల గొడవ. లేత్ మీద పాత్రను తిప్పేటప్పుడు అది జారకుండా పట్టి ఉంచే ఏర్పాటుకు ఒకరు పేటెంట్ తీసుకున్నారు. లేత్‌కు టెయిల్‌స్టాక్, అంటే వస్తువు రెండో కొసను పట్టి ఉంచే భాగం, ఎప్పటినుంచో ఉంది, ఇక్కడ చేసింది వర్క్‌షాపులో ఎవరైనా చేసుకునే మెరుగుదలేనని కోర్టు ఆ పేటెంటును నిలవనియ్యలేదు. తెలిసిన భాగాలను ఊరికే ఒకచోట పేర్చడం చాలదని కూడా చెప్పింది. మీ రిపోర్టులో "వర్క్‌షాప్ మెరుగుదల" అన్న మాట ఉందంటే అది ఇక్కడి నుంచి వచ్చిందే.

2015లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ రోష్, సిప్లా కేసులో ఐదు మెట్ల పరీక్ష ఇచ్చింది. ఆ మనిషి ఎవరో తేల్చాలి, ఆవిష్కరణలోని అసలు ఆలోచన ఏదో పట్టుకోవాలి, ప్రయారిటీ తేదీనాటికి ఆయనకు ఏమేం తెలుసో చూడాలి, పాతదానికీ కొత్తదానికీ తేడాలు గుర్తించాలి, చివరికి ఆ తేడాలు ఆయనకు తేటతెల్లమా కాదా అన్నది, మీ ఆవిష్కరణ తెలిసిన కళ్లతో వెనక్కి చూడకుండా, నిర్ణయించాలి. మీ జవాబు ఈ వరసలోనే నడవాలి. కంట్రోలర్, అంటే పేటెంట్ ఆఫీసులో నిర్ణయం చెప్పే అధికారి, ఆర్డర్ రాసేటప్పుడు ఆ మెట్లే ఎక్కుతారు కాబట్టి మీరు మెట్టు మెట్టుకూ ఆయన చేతికి సరుకు అందించాలి.

ఆ చివరి మెట్టు చాలా ముఖ్యం. మనందరికీ చిన్నప్పుడు పొడుపు కథలు వేసేవాళ్లు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." జవాబు కనురెప్పలు. విప్పేదాకా తోచదు, విప్పినాక "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. ఎగ్జామినర్ మీ స్పెసిఫికేషన్ (దరఖాస్తులోని పూర్తి వివరణ) చదివాకే డీ1, డీ2 వెతికారు. ఆయన తప్పేం లేదు, ఆ పని అలాగే జరుగుతుంది. కానీ విప్పిన పొడుపు కథ చేతిలో పెట్టుకుని వెతికితే ముక్కలు దొరకడం ఆశ్చర్యమేమీ కాదు. ఆ సంగతి మర్యాదగా, ఆధారాలతో చూపించాలి. "ఇది హైండ్‌సైట్" అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఎవరూ లెక్కచెయ్యరు.

ఇప్పుడు మీ డిజైన్‌లోకి వస్తాను. నా లెక్కలో మీ కేసంతా ఇక్కడే ఉంది.

డీ1లో చుట్లు ఎందుకు మార్చారు? ఎమ్మారై కోసం. 1.5 టెస్లా స్కానర్‌లో రేడియో తరంగాలు దాదాపు 64 మెగాహెర్ట్జ్ మీద ఉంటాయి. పొడవాటి లీడ్ యాంటెన్నాలా వాటిని పట్టి చివరన, అంటే గుండె కండరానికి తగిలేచోట, వేడెక్కుతుంది. కాయిల్ చుట్టే తీరు మారిస్తే ఇండక్టెన్స్ మారి ఆ వేడి తగ్గుతుంది. ఎమ్మారైలో షరతులతో వాడదగ్గ మొదటి పేస్‌మేకర్ సిస్టమ్‌కు అమెరికాలో వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2011 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. అప్పటికే ఈ దిశలో చాలా పేటెంట్లున్నాయి, మీ డీ1 ఆ గుంపులోదే. అందులో చుట్లు మారింది కొస దగ్గర. కాలర్ ఎముక ఊసు లేదు, తీగ అలసి తెగడం గురించి మాట లేదు.

డీ2లో స్లీవ్ ఎందుకు? పై ఇన్సులేషన్ రాపిడికి అరిగిపోకుండా. ఆ స్లీవ్‌ను రెండు కొసలా అతికించారు. మీ మూడో బొమ్మలో స్లీవ్ డబ్బావైపు కొసన మాత్రమే అతికి ఉంది, గుండెవైపు కొస వదులుగా ఉంది, చెయ్యి ఎత్తి దించినప్పుడల్లా కాస్త జారుతుంది. వివరణలో దీనికి ఒకే వాక్యం ఉంది. క్లెయిమ్ 1లో అది లేనే లేదు. మీ పోస్ట్ చదువుతూ నేను ఆగిపోయింది ఇక్కడే. మీ ఆవిష్కరణకు ప్రాణం ఆ వదులు కొసలో ఉంది, దాన్ని మీరు క్లెయిములో పెట్టలేదు.

ఎందుకంటే మీ టెస్ట్ పట్టిక చూడండి. నాలుగు వరసలున్నాయి: మామూలు లీడ్, దగ్గర చుట్లు మాత్రమే ఉన్నది, జారే స్లీవ్ మాత్రమే ఉన్నది, రెండూ ఉన్నది. మొదటి మూడూ వంపు పరీక్షలో ఇంచుమించు అన్నే వంపులకు తెగాయి. నాలుగోది పరీక్ష ఆపేదాకా తెగలేదు. దీని కారణం మీరు రాయలేదు, నాకు తోచింది చెప్తాను, మీ గైడ్‌తో సరిచూసుకోండి. స్లీవ్ గట్టిగా అతికి ఉంటే దాని అంచు దగ్గర వంపు అంతా ఒకే బిందువులో పడుతుంది. దగ్గర చుట్లున్నా ఆ ఒక్క చోటే బరువు మోస్తాయి. స్లీవ్ జారితే ఆ బిందువు అటూ ఇటూ కదులుతుంది, అయితే కదిలిన మేర అంతా మామూలు చుట్లే ఉంటే అవీ తట్టుకోలేవు. రెండూ ఉన్నప్పుడే వంపు కొంత పొడవున పరుచుకుని, ఆ పొడవంతా ఎక్కువ చుట్లు పంచుకుంటాయి, ఒక్కో చుట్టు మీద పడేది తగ్గుతుంది. అంటే ఒకటి లేకుండా రెండోది పనిచెయ్యదు.

సెక్షన్ 3(ఎఫ్)కు జవాబు కూడా ఇదే. ఆ సెక్షన్ అడ్డుపడేది తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టి, దేని పని అది తెలిసిన తీరులో విడిగా చేసుకుంటున్నప్పుడు. మీ స్లీవ్, మీ చుట్లు విడిగా పనిచెయ్యడం లేదని మీ పట్టికే చెప్తోంది. ఆ నాలుగు వరసలను జవాబు మొదటి పేజీలో పెట్టండి.

ఈ తేడా నాకు బాగా తెలిసింది ఓడిపోయిన కేసువల్ల. కరీంనగర్‌లో శస్త్రచికిత్స పరికరాలు చేసే ఒకాయన సక్షన్ గొట్టానికి ఎల్‌ఈడీ దీపం బిగించారు. డాక్టర్లకు నచ్చింది, అమ్ముడుపోయింది కూడా. కానీ గొట్టం పీల్చే పని పీలుస్తుంది, దీపం వెలిగే పని వెలుగుతుంది, ఒకదానివల్ల ఇంకోదానికి ఒరిగిందేమీ లేదు. నేను మార్కెట్ గురించి, డాక్టర్ల ఉత్తరాల గురించి పేజీలకు పేజీలు రాశాను. కంట్రోలర్ ఒకటే అడిగారు: "రెండూ కలిశాక మూడోది ఏం పుట్టింది?" నా దగ్గర జవాబు లేదు. ఆ కరీంనగర్ ఆయన ఇల్లు కుదువపెట్టి ఆ పని మొదలుపెట్టారు. మొదటి రోజే "ఇది నిలవదు, హ్యాండిల్ డిజైన్‌కు రిజిస్ట్రేషన్ తీసుకుందాం" అని చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు ప్రతి క్లయింటునూ ముందు ఆ ప్రశ్నే అడుగుతాను.

ఇక మీ వాదనలో బలహీనమైన చోటు. ఇది ఎదుటివాళ్లు కనిపెట్టేలోపు మీరే తెలుసుకోవాలి.

వరంగల్ ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు. ఒకసారి తెగిన హార్నెస్ వైరు చూపించి ఇది ఇక్కడే ఎందుకు తెగిందని అడిగితే, చూడకుండానే చెప్పాడు: "గట్టిగున్న కాడ తెగది సారూ, గట్టిది ఆగిపోయిన కాడ తెగుతది." మిక్సీ వైరు ప్లగ్గులోకి వెళ్లేచోట రబ్బరు తొడుగు సన్నబడుతూ వస్తుంది చూడండి, అది అందుకే. తొడుగు అంచున వంపు కేంద్రీకరిస్తుందన్నది అందరికీ తెలిసిన పరిజ్ఞానం. కాబట్టి "స్లీవ్ అంచు దగ్గర తీగ తెగుతుందని మేమే గుర్తించాం" అన్న వాదన పెట్టకండి. హియరింగ్‌లో ఒక్క నిమిషం నిలవదు, మిగతా మంచి వాదనల మీద కూడా నమ్మకం పోతుంది.

సమస్య తెలిసినదే అయినా పరిష్కారం తెలిసినది కాకపోవచ్చు, మీరు నిలబడాల్సింది అక్కడ. అందరూ చేసేది తొడుగును సన్నబరచడం, అంటే బయట సర్దుబాటు. మీరు బయట వదులు చేసి, లోపల చుట్లు మార్చారు. పైగా, ఎక్కడ వంగుతోందో అక్కడే చుట్లు పెంచి ఇంకా మెత్తన చేయడమంటే మామూలు ఇంజనీరు వెనకాడతాడు. ఇక జారే భాగమంటే ఈ రంగంలో ఇంకా భయం, దానికి కారణం కూడా ఉంది. రియాటా అనే డీఫిబ్రిలేటర్ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం) లీడ్లలో లోపలి తీగలు కదులుతూ సిలికోన్ ఇన్సులేషన్‌ను లోపలి నుంచే కోసుకుని బయటికి వచ్చాయి. 2011లో ఎఫ్‌డీఏ దాన్ని క్లాస్ 1, అంటే అన్నిటికంటే తీవ్రమైన, రీకాల్‌గా వర్గీకరించింది. అంతకుముందు 2007 అక్టోబరులో స్ప్రింట్ ఫిడెలిస్ అనే సన్నటి లీడ్ల పంపిణీ, తీగలు తెగుతున్నాయని, ఆపేశారు. అప్పటికి ప్రపంచమంతా దాదాపు 2,68,000 లీడ్లు మనుషుల ఒంట్లో ఉన్నాయి. ఒకసారి గుండెలో పెట్టిన లీడ్‌ను తీయడం ప్రాణం మీదికి తేగల పని. ఇవి చూసిన ఇంజనీరు "కాస్త జారనిచ్చి చూద్దాం" అని తేలిగ్గా అనుకోడు. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే రోజుకు లక్షకు పైగా, పదేళ్లకు దాదాపు 38 కోట్ల సార్లు ఆ తీగ కదులుతుంది. ప్రయత్నించి చూడొచ్చు అన్నది వేరు, ప్రయత్నిస్తే ఫలిస్తుందన్న నమ్మకం ఉండటం వేరు. ఆ మనిషి అలా చేయగలడా అని కాదు, చేసి ఉండేవాడా అని అడగాలి.

అయితే ఈ భయాన్ని మీరు నోటిమాటగా చెప్పకూడదు. మీ ప్రయారిటీ తేదీకి ముందు ప్రచురితమైన పత్రాల్లో, కదిలే భాగాలు రాపిడి తెస్తాయి, వద్దు అని రాసిన పేరాలు వెతికి జతపరచండి. ముఖ్యంగా డీ2ను మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవండి. ఎగ్జామినర్ చూపిన పేరాలే చదివి ఆగకండి. స్టెరాయిడ్ రింగ్ ఉన్న ఎలక్ట్రోడ్ మీద ఒక చిన్న హైదరాబాద్ కంపెనీ తరఫున నేను ప్రీ-గ్రాంట్ అభ్యంతరాన్ని (పేటెంటు ఇవ్వకముందే బయటివాళ్లు వేసేది) ఎదుర్కొన్నాను. ఎదుటివాళ్లు నాలుగు పత్రాలు తెచ్చారు. రాత్రి కూర్చుని వాళ్ల మూడో పత్రం మొత్తం చదివితే, లీడ్‌ను గుండెకు బిగించే స్క్రూ చుట్టూ రింగ్ పెడితే స్క్రూ తిరగడానికి అడ్డొస్తుంది, అలా చేయకపోవడమే మంచిది అని వాళ్లు ఎత్తి చూపని పేజీలో ఉంది. వాళ్ల ఆయుధమే మాకు అండ అయింది. డీ2లో స్లీవ్‌ను రెండు కొసలా ఎందుకు అతికించారో కారణం రాసి ఉంటుందని నా గట్టి అనుమానం. అది "జారకుండా ఉండటానికి" అయితే మీ పంట పండినట్టే.

ఇంకో జాగ్రత్త. "ఈ రంగంలో ఏది ఫలిస్తుందో ముందు చెప్పలేం" అని మీరు ఎంత గట్టిగా అంటే, "మరి మీరు ఒక్క ఉదాహరణే ఇచ్చి ఇంత వెడల్పు క్లెయిమ్ ఎలా అడుగుతున్నారు?" అన్న ఎదురు ప్రశ్న అంత గట్టిగా వస్తుంది. కాబట్టి క్లెయిమ్ బిగించాల్సిందే.

క్లెయిమ్ 1ను ఇలా మార్చండి: స్లీవ్ ఒక కొసనే అతికి ఉంటుందని, రెండో కొస లీడ్ మీద పొడవునా జారుతుందని, ఆ కొస జారే మేర మొత్తానికీ దగ్గర చుట్లు ఉంటాయని. మూడో బొమ్మా, దాని కింది వాక్యమూ దీనికి ఆధారం. సెక్షన్ 59 కింద సవరణ అంటే ఉన్నదాన్ని కుదించడం, సరిదిద్దడం, వివరించడం. స్పెసిఫికేషన్‌లో లేనిది చేర్చలేరు, పాత క్లెయిమ్ హద్దు దాటి పోలేరు. చుట్లకూ స్లీవ్ కదలికకూ ఉన్న సంబంధం మీరు దాఖలు చేసిన కాగితాల్లో కనీసం ఒక వాక్యంలోనైనా ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి. ఉంటే, తర్వాత చేసిన పరీక్షలను కూడా సెక్షన్ 79 కింద అఫిడవిట్‌గా పెట్టొచ్చు. మొక్క స్పెసిఫికేషన్‌లో ఉంటే నీళ్లు తర్వాత పోయొచ్చు, మొక్కే లేకపోతే కష్టం.

చాలాకాలంగా తీరని అవసరం అన్న పాయింటు మీ గైడ్ చెప్పారన్నారు. మంచిదే, కానీ దానికి బలం ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పడానికి మన దగ్గరి ఉదాహరణే ఒకటి. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు 1999లో లక్ష్మీ ఆసు యంత్రం చేశారు. ఆసు పోసే, అంటే నేతకు ముందు నూలును చేత్తో మేకుల చుట్టూ తిప్పే, ఆడవాళ్ల భుజాలు పడిపోతున్నాయని ప్రతి నేత ఇంట్లో తెలుసు, తరాలుగా తెలుసు. మోటారు కొత్తది కాదు, మేకులు కొత్తవి కావు. అయినా ఎవరూ చెయ్యలేదు. "అంత తేటతెల్లమైతే ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదు?" అన్న ప్రశ్నకు అక్కడ ఎదురు లేదు. మీ విషయంలోనూ కాలర్ ఎముక దగ్గర నలగడం దశాబ్దాలుగా తెలిసిన సమస్యే. అయితే ఎదుటివాళ్లు, డాక్టర్లు లీడ్‌ను వేరే సిర గుండా, ఇంకాస్త పక్కనుంచి పంపి ఆ సమస్య తగ్గించుకున్నారు కదా అంటారు. అందుకని దీన్ని రెండో వరసలో ఉంచండి, మొదటి వరసలో మీ పట్టికే ఉండాలి.

గడువు సంగతి. రిపోర్ట్ జారీ అయిన తేదీ నుంచి ఆరు నెలల్లో జవాబివ్వాలి. ఆ గడువు దాటకముందే ఫారం 4 పెట్టుకుంటే మూడు నెలల వరకు పొడిగింపు దొరుకుతుంది. మీరు ఇప్పటికే నాలుగు నెలలు దాటించారు. జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క, తర్వాత ఏడ్చి ప్రయోజనం లేదు. జవాబు తర్వాత హియరింగ్ పెడితే వీడియోలోనే ఉంటుంది, చెన్నై వెళ్లక్కర్లేదు. మీ గైడ్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి, తెగిన లీడ్లు రెండు చేతిలో పెట్టుకోండి. హియరింగ్ అయ్యాక రాతపూర్వక వాదనకు పదిహేను రోజులుంటాయి, దాన్ని వాడుకోండి.

తిరస్కరిస్తే సెక్షన్ 117ఎ కింద మూడు నెలల్లో మద్రాసు హైకోర్టుకు అప్పీలు. 2021లో అప్పీలేట్ బోర్డు రద్దయినప్పటి నుంచి ఇవి హైకోర్టులకే వెళ్తున్నాయి. ఆర్డర్‌లో "డీ1, డీ2 కలిపితే తేటతెల్లం" అని ఒక్క ముక్క రాసి ముగిస్తే అది నిలవడం కష్టం. పాతది ఏమిటి, కొత్తది ఏమిటి, తెలిసిన మనిషి ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా వస్తాడు అన్నది చర్చించాలని ఢిల్లీ హైకోర్టు 2022లో అగ్రిబోర్డ్ కేసులో స్పష్టంగా చెప్పింది. మద్రాసు కోర్టు దానికి కట్టుబడక్కర్లేదు, అయినా చూపించదగ్గ తీర్పు. ఈ తీర్పును మీ జవాబులోనే ఎత్తండి, అప్పీలు దాకా ఆగకండి.

అమెరికాలో కూడా వేద్దామనుకుంటున్నారన్నారు. అక్కడ 2007లో కేఎస్ఆర్, టెలిఫ్లెక్స్ కేసులో సుప్రీంకోర్టు, కలపమని పాత పత్రంలోనే రాసి ఉండాలన్న పట్టుదల వద్దంది. కారు పెడల్‌కు ఎలక్ట్రానిక్ సెన్సర్ బిగించిన కేసు అది. మామూలు నైపుణ్యం ఉన్న మనిషికీ కాస్త బుర్ర ఉంటుంది, మరమనిషి కాదు అన్నారు. అందువల్ల "డీ1లో కలపమని చెప్పలేదు" అన్న వాదన ఒక్కటే అక్కడ చాలదు. తెలిసిన భాగాలు కలిసి, ఊహించగలిగిన ఫలితమే ఇచ్చాయా, ఊహించనిది ఇచ్చాయా అన్నదే చూస్తారు. మళ్లీ మీ నాలుగో వరస దగ్గరికే వస్తాం. కాకపోతే మొదటి దాఖలు నుంచి పన్నెండు నెలల ప్రయారిటీ గడువు, పీసీటీ (అంతర్జాతీయ దరఖాస్తు ఒప్పందం) ద్వారా అయితే దాని గడువు, ఇంకా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

చివరగా, "దీన్ని విత్‌డ్రా చేసి కొత్తగా మంచిగా రాసి మళ్లీ వేద్దామా" అని మీ స్నేహితుడు సలహా ఇచ్చారన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మీ దరఖాస్తు ఇప్పటికే ప్రచురితమైంది. కొత్తది వేస్తే దానికి ఎదురుగా వచ్చే మొదటి పత్రం మీదే అవుతుంది, మూడో బొమ్మతో సహా. ఉన్న ఫైల్లోనే పోరాడాలి. నోట్‌బుక్‌లో ఆ మూడు విఫలమైన నమూనాలు చేసిన పేజీలు, తేదీలు కనిపించేలా స్కాన్ చేసి, సవరించిన క్లెయిమ్ 1తో పాటు ఇక్కడ పెట్టండి. మీ పేర్లు, దరఖాస్తు నంబరు చెరిపేసి పెట్టండి. ఆదివారం కూర్చుని చూస్తాను.